మేడకు ఎదురుగా దీవి

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లు రెడ్‌వుడ్ చెట్లు చూద్దామని ఉత్తరానికి కారేసుకుని వెళ్తే దారిలో యురేకా తగులుతుంది. జనాభా పాతికవేల పైచిలుకు ఉన్న చిన్న ఊరు. సెకండ్ స్ట్రీట్ చివర కార్సన్ మేడ ఉంది. దాని ముందు ఫొటో దిగి వాట్సాప్‌లో పెట్టనివాళ్లు తక్కువ. తప్పేం లేదు, ఇల్లు అంత బాగుంటుంది. శిఖరం మీద శిఖరం, స్తంభానికో నగిషీ, కిటికీకో నగిషీ. జానెడు చోటు కూడా వడ్రంగి ఖాళీగా వదల్లేదు. విక్టోరియన్ ఇల్లు, అంటే విక్టోరియా రాణి కాలం నాటి ఇల్లు, ఎలా ఉంటుందని అడిగితే అమెరికాలో ముందుగా చూపించే ఇళ్లలో ఇదొకటి.

విలియం కార్సన్ బంగారం వెతుక్కుంటూ కెనడా నుంచి వచ్చి కలప వ్యాపారంలో కుదురుకున్నాడు. భాగస్వామి జాన్ డోల్బీర్ 1881లో దుంగలు లాగే ఆవిరి యంత్రాన్ని తయారుచేశాడు. కూలీలు దాన్ని ‘స్టీమ్ డాంకీ’ అనేవారు. ఎద్దులు రోజంతా ఈడ్చే దుంగ తాడు పట్టుకుని చకచకా వచ్చేసేది. అడవీ అంతే చకచకా తరిగింది. ఆనాటి రెడ్‌వుడ్ అడవిలో ఇప్పుడు మిగిలింది నూటికి అయిదు వంతులే. ఆ కలప డబ్బుతో 1884లో మొదలైన మేడ 1886కల్లా పూర్తయింది. ప్లాను న్యూసమ్ సోదరులది. కలపకు గిరాకీ పడిపోయిన రోజుల్లో పనివాళ్లను ఊరికే కూర్చోబెట్టకుండా వందమంది చేత కట్టించాడని చెప్పుకుంటారు. కరువులో కోట కట్టించి కూలి ఇచ్చిన ప్రభువుల కథలు మనకూ తెలుసు. ఆ కథల్లో ప్రభువు పేరే మిగులుతుంది, ఇక్కడా అంతే. 1950లో కుటుంబం మేడను అమ్మేసింది. అప్పటినుంచి అదొక ప్రైవేటు క్లబ్బు, సభ్యులు కానివాళ్లు గేటు దగ్గరే ఆగిపోవాలి.

మేడ కథ మామూలుగా ఇంతటితో అయిపోతుంది. మా అభ్యంతరం అక్కడే.

మేడ ఎదుట హంబోల్ట్ బే అనే అఖాతం ఉంది, అందులో తులువాట్ అనే దీవి ఉంది. అక్కడి ఆదివాసులైన వియాట్ తెగవాళ్లకు అది లోకానికి నడిమధ్య. ఏటా అక్కడ ప్రపంచాన్ని మళ్లీ నిలబెట్టే క్రతువు చేసేవారు. 1860 ఫిబ్రవరి 26 రాత్రి, ఆ క్రతువు సాగుతుండగానే తెల్లవాళ్ల గుంపు దీవి మీద పడింది. మగవాళ్లు చాలామంది సామాన్లు తేవడానికి వెళ్లారు. దొరికినవాళ్లు ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. తుపాకీ చప్పుడు ఊళ్లోకి వినపడుతుందని గొడ్డళ్లు, కత్తులు వాడారు. చనిపోయినవాళ్లు 80 నుంచి 250 దాకా అని అంచనాలు. ఒక్కరికీ శిక్ష పడలేదు. బే అవతలి గట్టున ఒక చిన్న పత్రికలో పనిచేసే బ్రెట్ హార్ట్ మాత్రం దీన్ని తిడుతూ సంపాదకీయం రాశాడు. బెదిరింపులొచ్చి శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్లిపోవాల్సి వచ్చింది. సంపాదకీయాలు ఎవరు చదువుతారని మమ్మల్ని ఆటపట్టించేవాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది.

కార్సన్‌కు ఆ రాత్రితో సంబంధం ఉందని మేము అనడం లేదు. మేడకు పునాది పడింది ఇరవై నాలుగేళ్ల తర్వాత. కానీ వియాట్లను గట్టు మీద నుంచి తరిమేశాకే అక్కడ మిల్లులు, మేడలు నిలదొక్కుకున్నాయి. గైడ్లు, బ్రోషర్లు నగిషీల గురించి పది వాక్యాలు చెప్పేటప్పుడు దీవి గురించి రెండైనా చెప్పాలి. పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లే మనవాళ్లు కూడా ఒక్క నిమిషం నీళ్లవైపు తిరిగి నిలబడితే బాగుంటుంది.

చూడటానికి అక్కడ ఉన్నది తక్కువేమీ కాదు. తమదే అయిన నేలలో ఎకరన్నర ముక్కను వియాట్లు 2000లో లక్షా ఆరువేల డాలర్లు పోసి కొనుక్కున్నారు. పడవలు బాగుచేసే పాత కార్ఖానా వదిలేసిన విషపు మట్టిని ఏళ్ల తరబడి శుభ్రం చేశారు. 2014 మార్చిలో, 1860లో సగంలో ఆగిన క్రతువును అదే దీవిలో పూర్తిచేశారు. 2019 అక్టోబరులో యురేకా నగరం తన చేతిలో మిగిలిన రెండొందల ఎకరాల పైచిలుకు నేలను వాళ్లకు రాసిచ్చింది, ఊరికే.