సున్నం మనుషులతో జాగ్రత్త

మా బావమరిది మీద పోలీసు కంప్లయింట్ ఇవ్వాలా, వాళ్ళ ఆర్కిటెక్టుల కౌన్సిల్‌కి ఉత్తరం రాయాలా అని మూడు నెలలుగా ఆలోచిస్తున్నాను. మనిషి మంచివాడే. తాగుడు లేదు, పేకాట లేదు. ఆర్కిటెక్చర్ చదివాడు, మంచి ఉద్యోగం మానేశాడు, పాత పద్ధతిలో ఇళ్ళు కడతానని తిరుగుతున్నాడు. సరదాకి అంటే పోనీలే అనుకునేవాణ్ణి. వాడు నిజంగానే కడుతున్నాడు, గొడవంతా అక్కడే.

సంప్రదాయమంటే నాకూ గౌరవమే. మా గేటుకి రెండు పక్కలా స్తంభాలున్నాయి, వాటి మీద హంసలు, తామరపూలు, అన్నీ ఫైబర్‌వి. ఆర్డరిస్తే నాలుగు రోజుల్లో ట్రాలీలో వచ్చాయి. వేలితో కొడితే డొల్లగా టకటకమంటాయి, అందుకని ఎవర్నీ కొట్టనివ్వను. సంప్రదాయం ఉండాల్సింది ఇలాగే: గేటు దగ్గర నిలబడి వచ్చేవాళ్ళకి కనబడాలి, ఇంట్లోకి రాకూడదు.

వీడు ఇంట్లోకి తెచ్చాడు. నా 200 గజాల ప్లాటుకి గీసిన ప్లాన్‌లో నట్టనడుమ పదడుగుల చదరం ఖాళీగా వదిలేశాడు.

"ఇదేం గదిరా?"

"గది కాదు బావా, మండువా. పైన కప్పుండదు. నాలుగు చూరుల నీళ్ళూ ఇందులో పడతాయి, వేడిగాలి ఇందులోంచే పైకి పోతుంది. మీ తాతగారింట్లో లేదూ?"

నేను ఫోన్‌లో కాలిక్యులేటర్ తీశాను. 100 చదరపు అడుగులంటే 11 గజాలు. గజం లక్ష చొప్పున 11 లక్షలు ఆకాశానికి రాసిచ్చేయమంటున్నాడు! పైగా ఇళ్ళు కట్టే రూల్సు చెప్పే 2012 నాటి జీవో 168 ప్రకారం ఇంటి చుట్టూ జాగా వదలాలి. పాతకాలపు వీధుల్లో గోడకి గోడ ఆనించి కట్టుకుని ఆ జాగా మధ్యలో వదులుకునేవాళ్ళు, మనం బయట వదిలి అక్కడ విరిగిన సైకిలూ, ఖాళీ పెయింటు డబ్బాలూ పెట్టుకుని, ఇంటి మధ్యలో పగలే ట్యూబ్‌లైట్ వేసుకుంటాం. రూల్సు కూడా నా వైపే ఉన్నాయి.

సరే, వాస్తు పంతులుగారిని పిలిచాను, వీడి నోరు మూయించడానికి. ఆయన ప్లాన్ చూసి, "మధ్యలో బ్రహ్మస్థానం, అక్కడ బరువు పెట్టకూడదు, ఖాళీగా ఉండాలి" అన్నారు. "మండువా అంటే అదేగా పంతులుగారూ" అన్నాడు బావమరిది. ఆయన నా మొహం చూశారు, ఓసారి దగ్గారు, డైనింగ్ టేబుల్ కాళ్ళు సన్నగా ఉంటే దోషం లేదని తేల్చారు. శాస్త్రం అంటే అదీ.

ఇక సున్నం సంగతి. మా ఆవిడ పోరు పడలేక పెరట్లో మోటారు గది ఒక్కటీ వాడి పద్ధతిలో కట్టుకోమన్నాను. గుంట తవ్వి సున్నం నానబెట్టాడు. ఎక్కణ్ణించో గానుగ తెచ్చి అందులో సున్నం, ఇసుక వేసి తిప్పించాడు. కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు పోశాడు, బెల్లం కలిపాడు. "సార్, ఇది గోడా, పాయసమా?" అన్నాడు మేస్త్రీ. గోడకంటే ముందు చీమలొచ్చాయి. సిమెంటైతే మర్నాటికి రాయవుతుంది, ఇది గాలి పీల్చుకుంటూ మెల్లగా గట్టిపడుతుందట, అందాకా తడి గోనెపట్టాలు కప్పి పసిపిల్లలా చూసుకోవాలట.

"చార్మినార్ 1591 నుంచీ ఈ సున్నం మీదే నిలబడింది బావా."

"చార్మినార్‌కి ఈఎంఐ లేదురా."

ఒప్పుకుంటున్నాను, వాడు టీ తాగడానికి వెళ్ళినప్పుడు మేస్త్రీకి 500 ఇచ్చి అర బస్తా సిమెంటు కలపమన్నది నేనే. వాడు తిరిగొచ్చి గోడ మీద గోటితో గీశాడు, రంగు చూశాడు, ఏమీ అనకుండా మూడు వరసలు విప్పించాడు. నన్నూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

చట్టం గురించి కూడా చెప్పాలి. 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్‌లో నమోదు కాని మనిషి తనను తాను ఆర్కిటెక్టు అని చెప్పుకోకూడదు. రాతి గోపురం నిలబెట్టిన స్థపతి అయినా సరే. 2020లో సుప్రీంకోర్టు కూడా, ఆ చట్టం కాపాడేది పేరునే, కట్టే పనిని కాదని చెప్పింది. అంటే గుడి కట్టొచ్చు, బోర్డు పెట్టకూడదు. చక్కటి ఏర్పాటు, పేరు ఒకరిది, పని ఇంకొకరిది. మావాడు దీన్నీ పాడు చేశాడు. బోర్డు పెట్టుకునే హక్కుండి కూడా తిరుపతి వెళ్ళి ఒక స్థపతి దగ్గర కింద కూచుని దారం పట్టుకుంటున్నాడు.

ప్రభుత్వాలను చూసైనా నేర్చుకోవాలి. 2023లో తెరిచిన హైదరాబాద్ సెక్రటేరియట్ చూడండి, పైన గుమ్మటాలు, లోపల కాంక్రీటు, ఏసీ. అమరావతి భవనాల్లో మన సంస్కృతి కనబడాలని 2017లో సాక్షాత్తూ రాజమౌళిని లండన్‌లో ఆ భవనాల డిజైన్లు గీస్తున్న ఆర్కిటెక్టు నార్మన్ ఫోస్టర్ సంస్థ దగ్గరికి పంపారు. ఒక్క యాదాద్రి దగ్గరే లెక్క తప్పింది. సినిమా సెట్లు వేసే ఆనంద్ సాయికి అప్పగిస్తే అక్కడ నిజంగా కృష్ణశిలతో గుడి లేచింది. సెట్లు వేసే మనిషి రాతి గుడి కట్టించాడు, ఇంతమంది ఇంజనీర్లున్న మా కాలనీలో మేమంతా సెట్లు కట్టుకున్నాం.

చివరికి నా ఇల్లు నేను అనుకున్నట్టే కట్టించాను. మండువా ఉండాల్సిన చోట ఫ్రిజ్ ఉంది. గృహప్రవేశం అయ్యాక, సంప్రదాయంగా ఉంటుందని, ఇంటిల్లిపాదినీ ఊరి చివర ఒక రెస్టారెంటుకి తీసుకెళ్ళాను. పెంకుల కప్పు, అరుగులు, మధ్యలో మండువా, అందులో తులసికోట, అరిటాకు భోజనం మనిషికి 1200. లోపలికి వెళ్తుంటే అమ్మ గుమ్మం దగ్గర ఆగిపోయింది. టేకు ద్వారబంధం, ఎడమ పక్కన మోకాలెత్తు నుంచి వరసగా కత్తితో పెట్టిన గాట్లు. మా ఇంట్లో ఏటా ఉగాదికి తాతయ్య మా ఎత్తు కొలిచి పెట్టినవి. ఊళ్ళో ఇల్లు అమ్మినప్పుడు కలప బేరం మాట్లాడింది నేనే, 40 వేలకి మొత్తం తోలేశాను.

అమ్మ నాలుగో గాటు మీద వేలు పెట్టబోయింది. యూనిఫారం వేసుకున్న కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు.

"ముట్టుకోకండమ్మా, యాంటిక్."