సోలార్ రూల్ వల్లే ఫ్లాట్ల రేట్లు పెరుగుతున్నాయా?

వారం రోజులుగా మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక వాట్సాప్ మెసేజ్ తిరుగుతోంది. "హైదరాబాద్‌లో ఇక ఏ ఇల్లు కట్టినా టెర్రస్ మొత్తం సోలార్‌కి వదలాలి, తెల్ల పెయింట్ వేయించాలి. ఫ్లాట్ల రేట్లు పెరిగేది ఇందుకే. పైగా కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది, అంతా దండగ" అని. ఇల్లు కొనుక్కోవాలని పైసా పైసా కూడబెట్టుకుంటున్న వాళ్లకి ఇది ఉత్త పుణ్యానికి టెన్షన్ పెట్టడమే.

ముందు "ఏ ఇల్లు కట్టినా" అన్న మాట. 2023లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ ప్రకారం ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు కూల్ రూఫ్, అంటే ఎండని తిప్పికొట్టే తెల్ల పెయింట్ లాంటి పూత, తప్పనిసరి. నివాస భవనాలైతే స్థలం 600 గజాలు, ఆపైన ఉంటేనే. 150 గజాల్లో ఇల్లు కట్టుకునే కుటుంబానికి అది ఇష్టమైతే చేసుకునే పని. ఏప్రిల్‌లో పై అంతస్తులో పడుకున్నవాళ్లకి తెలుసు, అర్ధరాత్రి దాటినా స్లాబు వేడి దిగుతూనే ఉంటుంది. పెయింట్ అడిగింది అందుకు.

"టెర్రస్ మొత్తం" అన్నది ఇంకా పెద్ద అబద్ధం. సోలార్‌కి జాగా వదలాలన్న మాట కేంద్రం 2017లో సవరించిన ఈసీబీసీలో, అంటే ఇంధన పొదుపు భవన నియమావళిలో ఉంది. అది 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడ్ (భవనంలోని పరికరాలన్నిటి మొత్తం సామర్థ్యం), లేదా 120 కేవీఏ కాంట్రాక్ట్ డిమాండ్ (కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ వాడకం), ఆపైన ఉండే పెద్ద వాణిజ్య భవనాల కోసం రాసింది. వాటిని కూడా టెర్రస్ అంతా వదలమనలేదు. నీడ పడని చోట టెర్రస్‌లో పావు వంతు, లేదా కనెక్టెడ్ లోడ్‌లో 1 శాతం సోలార్ కరెంటుగా తీయడానికి సరిపడా జాగా, ఏది తక్కువైతే అది చాలంది.

కరెంటు పోతే సోలార్ ఆగిపోతుందన్నది నిజమే. బ్యాటరీ లేని సిస్టమ్ ఆగాలి కూడా. ఆగకపోతే మన ప్యానెళ్ల కరెంటు లైన్‌లోకి వెళ్లి, స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. బిల్లు తగ్గించడానికి పెట్టుకున్నదాన్ని ఇన్వర్టర్‌తో పోల్చి దండగ అనడం తప్పు.

ఇక రేటు సంగతి. ఫ్లాట్ ధరలో పెద్ద వాటా స్థలానిది, సిమెంటుది, స్టీలుది. సోలార్ ఖర్చు అసలు ఎక్కడ పెరుగుతుందో మా బిల్డింగ్‌నే చూడండి. లిఫ్టుకి, బోరు మోటారుకి, కారిడార్ లైట్లకి కలిపి 10 కిలోవాట్లు పెడదామనుకున్నాం. సుమారు వెయ్యి చదరపు అడుగులు కావాలి, రోజుకి సగటున 40 యూనిట్లు వస్తాయి. ఇళ్ల మీద సోలార్ పెట్టుకునేవాళ్లకి కేంద్రం 2024లో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద అపార్ట్‌మెంట్ల కామన్ అవసరాలకి కిలోవాట్‌కి 18,000 సబ్సిడీ ఉంది. అంతా బాగానే ఉంది కానీ, బిల్డర్ వాటర్ ట్యాంకుల్ని, లిఫ్ట్ రూమ్‌ని దక్షిణం వైపు కట్టేశాడు. చలికాలంలో వాటి నీడ సగం టెర్రస్ మీదే. దాంతో ప్యానెళ్లని నీడకి పైన ఉంచడానికి ఇనప స్తంభాలు లేపాం. కేబుల్‌కి డక్ట్ లేదు, బయటి గోడ మీదుగా ఐదంతస్తులు పైపు దించాం. స్తంభాల బోల్టుల దగ్గర వాటర్‌ప్రూఫింగ్ దెబ్బతిని ఐదో అంతస్తు వాళ్ల బెడ్‌రూమ్ సీలింగ్ చెమ్మెక్కింది. ఆ రిపేరూ మా జేబుల్లోంచే.

ట్యాంకుల్ని ఉత్తరానికి జరిపి, మీటర్ బోర్డు దాకా ఒక ఖాళీ పైపు వేసి ఉంటే ఇదంతా తప్పేది. ప్లాన్ గీసేటప్పుడు అది రెండు గీతల పని. ఫ్లాట్ బుక్ చేసే ముందు టెర్రస్ డ్రాయింగ్ చూపించమని అడగండి. ట్యాంకులు ఏ వైపున్నాయో, కేబుల్ ఎటు నుంచి దిగుతుందో బిల్డర్ చేతే చెప్పించుకోండి.