మా మండలం మిల్లర్ల సిండికేట్ గారికి

అయ్యా,

నిన్న మధ్యాహ్నమంతా మీ గేటు ముందు లారీ నీడన కూర్చునే భాగ్యం కలిగించినందుకు ధన్యవాదాలు. సర్కారు తరఫున వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో మిషన్ పెట్టి చూస్తే తేమ 17 శాతం లోపే ఉంది. తూకం వేశారు, రాసుకున్నారు. అవే వడ్లు మీ గేటు దగ్గరికి వచ్చేసరికి తాలు ఎక్కువైపోయాయి. "క్వింటాకు నాలుగు కిలోల తరుగు ఒప్పుకుంటే దించుకుంటం, లేకుంటే వాపస్ తీస్కపోండి" అన్నాడు మీ గుమాస్తా. లోడు ఏ మిల్లుకు పోవాలో రాసిన ట్రక్ షీట్ మార్పించుకోవచ్చేమోనని మా తమ్ముడు పక్క మిల్లుకు ఫోన్ చేశాడు. నాలుగు కిలోలే. ఆ పైమిల్లుకు చేశాడు. అక్కడా నాలుగే. గింజ కంటితో చూడకుండానే అందరూ ఒకే అంకె చెప్పగలగడం మామూలు ఐకమత్యం కాదు. మా ఇంట్లో అన్నదమ్ములకు కూడా లేదది.

ఇంతకీ మీ తెలివికి మెచ్చుకోవాలి. ఏ గ్రేడ్ వడ్లకు 2025-26 సీజన్ మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. ఆ రేటు మీద చెయ్యి వేస్తే పేపర్లో పడుతుంది, కాబట్టి తూకం మీద వేశారు. నాలుగు కిలోలు పోతే క్వింటాకు మాకు దక్కేది 2,293. ఎకరాకు 25 క్వింటాళ్లు పండితే అందులో నిండు క్వింటా మీ దక్షిణ. దుక్కి దున్నలేదు, నాటు వెయ్యలేదు, యూరియా లైన్లో చెప్పులు పెట్టలేదు.

క్వింటా వడ్లకు మీరు సర్కారుకు అప్పజెప్పాల్సింది 67 కిలోల పచ్చి బియ్యం. తవుడు, ఊక మీవే, ఉంచుకోండి. కానీ కాగితం మీద వచ్చింది 96 కిలోలే కదా, బియ్యం లెక్కా వాటికే. మిగతా నాలుగు కిలోలు ఏ రిజిస్టర్లో ఉన్నాయి? ఎవరి పేరు మీద బియ్యమై అమ్ముడుపోతున్నాయి?

మీలో ఒక్కరైనా "నేను మూడే కోస్తాను" అనరేం అని అమాయకంగా అడిగేవాణ్ణి. అలా అన్నవాడి గేటు ముందు సాయంత్రానికల్లా లారీలు బారులు తీరతాయి, మిగతావాళ్లకు తెలియకుండా దాచలేరు. మండలంలో మీరు గుప్పెడు మంది, రోజూ ఒకరి ముఖం ఒకరు చూసుకునేవాళ్లు. మేమేమో వేలమందిమి, కోత మిషన్ మండలమంతా ఒకేసారి తిరుగుతుంది, వడ్లు దాచుకునే గోదాం లేదు, మిషన్ కిరాయి వారంలో కట్టాలి. బేరమాడే ఓపిక ఎవరికుంటుంది? నిన్న పొద్దుగూకే వేళకు మబ్బు పట్టింది. ఒప్పుకున్నాం.

లెక్కల్లో మీకు ఎప్పుడూ తిరుగు లేదు లెండి. 2022 జూలైలో 25 కిలోల దాకా ఉన్న బియ్యం ప్యాకెట్ మీద 5 శాతం జీఎస్టీ పడగానే 26 కిలోల బస్తా పుట్టించారు. కొత్త బియ్యాన్ని స్టీమ్ పట్టి పాతవని అమ్మే కళ గురించి మా ఇంటావిడ వేరే ఉత్తరం రాస్తుంది.

పండించినవాడి దగ్గర కిలోలు కోసి, ఆ బియ్యాన్నే మళ్లీ వాడికే అమ్ముతారు. సిగ్గనిపించదా? వర్షం భయంతో వణుకుతున్నవాడి దగ్గర అందరూ కూడబలుక్కుని కోయడాన్ని వ్యాపారం అంటారా?

సరే, మర్యాదకు వద్దాం. కాంపిటీషన్ చట్టం, 2002 చదివాను. ఇలా కూడబలుక్కున్నట్టు తేలితే ఏటా వచ్చిన లాభానికి మూడు రెట్లు, లేదా టర్నోవర్లో 10 శాతం, ఏది ఎక్కువైతే అంతదాకా జరిమానా పడొచ్చు. అయితే అందరికంటే ముందు కాంపిటీషన్ కమిషన్ దగ్గరికి వెళ్లి గుట్టు విప్పినవాడికి అది మొత్తం మాఫీ కావచ్చు. రెండోవాడికి సగం దాకా. మూడోవాడికి 30 శాతం దాకా.

అందుకే ఈ లేఖ మీ సంఘం ఆఫీసుకు పంపడం లేదు. ఒక్కో మిల్లుకు విడిగా, ఎవరి పేరు మీద వాళ్లకు, రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. పక్క మిల్లాయనకు కూడా ఇవాళే అందుతుంది.

ఇట్లు,
ఓ రైతు