పాత కెర్నెల్‌లో ‘కోర్’ ప్రోగ్రామ్ నడవదన్న మాట నిజం కాదు

విశాఖలో సిస్టమ్ అడ్మిన్లున్న వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ‘ఒకసారి కంపైల్ చేస్తే ఎక్కడైనా నడుస్తుందని చెప్పే ఈబీపీఎఫ్ కోర్ పద్ధతి 5.4 కంటే పాత కెర్నెల్‌లో పనిచేయదు. అక్కడ బీటీఎఫ్ ఉండదు కాబట్టి క్లాంగ్, కెర్నెల్ హెడర్లు ఆ సర్వర్‌లోనే పెట్టాలి. బీటీఎఫ్ బయటి నుంచి తెచ్చి ఇస్తే మిషన్ కూలిపోతుంది. పాతవన్నీ మార్చేయండి.’ కొత్తవాళ్ళ కోసం: ఈబీపీఎఫ్ అంటే లైనక్స్ కెర్నెల్ లోపల చిన్న ప్రోగ్రామ్ నడిపి అక్కడ ఏం జరుగుతోందో చూసే సౌకర్యం. బీటీఎఫ్ అంటే కెర్నెల్ లోపలి డేటా ఎలా అమరి ఉందో చెప్పే పట్టిక. క్లాంగ్ ఒక కంపైలర్, హెడర్లు కెర్నెల్ నిర్వచనాలున్న ఫైళ్ళు.

మధురవాడలో పనిచేసే తమ్ముడొకడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. “అన్నయ్యా, మా సార్ ఇది చదివి ట్రేసింగ్ టూల్స్ అన్నీ తీసేయమంటున్నారు” అన్నాడు. గొంతులోనే టెన్షన్ తెలుస్తోంది. నెలల తరబడి కూర్చుని పెట్టుకున్న టూల్స్ అవి. ఒక తప్పుడు మెసేజ్ వల్ల అవి పోతాయంటే నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

5.4 సంగతి ముందు చూద్దాం. కెర్నెల్ వెర్షన్ మారితే దాని లోపలి స్ట్రక్చర్లలో ఫీల్డుల స్థానాలు మారతాయి. కోర్ పద్ధతిలో కంపైల్ అయిన ప్రోగ్రామ్ ‘నాకు టాస్క్ స్ట్రక్చర్‌లో రియల్ పేరెంట్ అనే ఫీల్డు కావాలి’ అని పేరుతో రాసిపెట్టుకుని ఉంటుంది. నడిపేటప్పుడు లిబ్‌బీపీఎఫ్ అనే లైబ్రరీ ఆ పేరును అక్కడి కెర్నెల్ బీటీఎఫ్‌లో వెతికి, సరైన ఆఫ్‌సెట్ (ఫీల్డు స్థానం) అంకెను ఇన్‌స్ట్రక్షన్‌లో దిద్దుతుంది. ఈ దిద్దుబాటంతా యూజర్ స్పేస్‌లోనే, అంటే కెర్నెల్ బయటే, ప్రోగ్రామ్ కెర్నెల్ చేతికి వెళ్ళకముందే అయిపోతుంది. కెర్నెల్‌కు చేరేది మామూలు అంకె. జగదాంబ సెంటర్లో ప్యాంటు కొంటే పొడవు దర్జీ సరిచేసి ఇస్తాడు కదా, తొడుక్కునేవాడికి కుట్టుపని రానక్కర్లేదు. 4.15 కెర్నెల్‌కు బీటీఎఫ్ అంటే ఏమిటో తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

మరి ఆ 5.4 ఎక్కడిదంటే, అప్పటి నుంచి కెర్నెల్ తన బీటీఎఫ్‌ను ‘/సిస్/కెర్నెల్/బీటీఎఫ్/వీఎంలైనక్స్’ దగ్గర తానే చూపించగలుగుతోంది. అది కూడా ఆ ఆప్షన్ పెట్టి బిల్డ్ చేస్తేనే. రెడ్‌హ్యాట్ 8.2 కెర్నెల్ నంబరు 4.18, అయినా అందులో బీటీఎఫ్ ఉంది. ఉబుంటు 20.04 మొదట వచ్చినప్పుడు దాని కెర్నెల్ 5.4, అందులో లేదు. నంబరు చూసి తీర్పు చెప్పకండి, ఎల్ఎస్ కమాండ్ కొట్టి ఆ ఫైలుందో లేదో చూడండి.

ఇక క్లాంగ్, హెడర్ల మాట. అది బీసీసీ అనే వేరే ఈబీపీఎఫ్ టూల్‌కిట్ పద్ధతి. నడిపే మిషన్ మీదే ప్రతిసారీ కంపైల్ చేసేది అదే. ఆ బరువు తప్పించడానికే కోర్ వచ్చింది. రెండింటినీ కలిపేసి మెసేజ్ రాశారు.

గాజువాకలో ఒక సంస్థ సర్వర్ మీద నేను చేసిన పని చెబుతాను. ఉబుంటు 18.04, కెర్నెల్ 4.15, కంపైలర్ లేదు, పెట్టడానికి అనుమతీ లేదు. కొద్ది నిమిషాలకోసారి మిషన్ నెమ్మదిస్తోంది. ఏ ప్రాసెస్ పుడుతోంది, దాని పేరెంట్ ఎవరు అన్నదే నాకు కావాలి. అదే కెర్నెల్ బిల్డ్ డీబగ్ ప్యాకేజీని నా ల్యాప్‌టాప్‌లో దించుకుని, పాహోల్ అనే టూల్‌తో బీటీఎఫ్ తీశాను. ఆక్వా సెక్యూరిటీ వాళ్ళ బీటీఎఫ్‌హబ్‌లో ఉబుంటు, డెబియన్, సెంట్‌ఓఎస్ పాత కెర్నెల్స్‌కు ఇవి సిద్ధంగా కూడా దొరుకుతాయి. డీబగ్ ప్యాకేజీ వందల ఎంబీ, అందులోంచి వచ్చే బీటీఎఫ్ కొద్ది ఎంబీలే. 2022లో బీపీఎఫ్‌టూల్ అనే కమాండ్ టూల్‌కు చేరిన ‘మిన్ కోర్ బీటీఎఫ్’ కమాండ్‌తో మన ప్రోగ్రామ్ వాడే టైపులు మాత్రమే ఉంచితే కేబీల్లోకి దిగుతుంది. లిబ్‌బీపీఎఫ్‌కు ఆ ఫైలు దారి ఇచ్చాను, అంతే. ప్రతిసారీ పేరెంట్‌గా కనబడింది ఒక బ్యాకప్ స్క్రిప్టు. టైము ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో అది రెండుసార్లు ఎక్కి ఉంది.

కూలిపోతుందన్న మాటే జనాన్ని ఎక్కువగా భయపెట్టింది. ప్రోగ్రామ్ ఏదైనా కెర్నెల్‌లో తనిఖీ చేసే వెరిఫయర్‌ను దాటాకే లోపలికి వెళ్తుంది. కెర్నెల్ మెమరీ చదివే ప్రోబ్ రీడ్ తప్పు అడ్రస్ మీద పడితే ఎర్రర్ తిరిగిస్తుంది తప్ప కెర్నెల్‌ను పడేయదు. క్షణానికి లక్షసార్లు పిలిచే ఫంక్షన్‌కు ప్రోబ్ తగిలిస్తే మిషన్ నెమ్మదిస్తుంది, నిజమే. కానీ అది కొత్త కెర్నెల్‌లోనూ అంతే. అసలు ప్రమాదం వేరే ఉంది. గాజువాకలో మొదట తొందరలో 5.3 బీటీఎఫ్ ఇచ్చాను. ఎర్రర్ ఏదీ రాలేదు, ప్రోగ్రామ్ చక్కగా నడిచింది, పేరెంట్ కాలమ్‌లో మాత్రం వరుసగా సున్నాలు. సున్నాలు కాబట్టి పట్టుకోగలిగాను. నమ్మదగ్గ అంకెలు వచ్చుంటే తప్పుడు రిపోర్టే ఇచ్చేవాణ్ణి. యూనేమ్ కమాండ్ చూపించే కెర్నెల్ పేరు, బీటీఎఫ్ ఫైలు పేరు చివరి అక్షరం దాకా కలవాలి.

ఆ మెసేజ్‌లో చెప్పని అసలు ఇబ్బంది ఒకటుంది. బీటీఎఫ్ ఫీల్డుల స్థానాలు చెబుతుంది, కెర్నెల్‌లో లేని సౌకర్యాన్ని తెచ్చిపెట్టదు. డేటాను బయటికి పంపే రింగ్ బఫర్ 5.8లో వచ్చింది, ఫంక్షన్‌కు ప్రోగ్రామ్ తగిలించే ఎఫ్‌ఎంట్రీ 5.5లో. పాతవాటికి వాటి బదులు పర్ఫ్ బఫర్, కెప్రోబ్ వాడుకోవాలి. లూపులు 5.3 నుంచే, అంతకుముందైతే విప్పి రాయాలి. గ్లోబల్ వేరియబుల్స్ 5.2 నుంచి కాబట్టి నా ఫిల్టర్ నంబరును మ్యాప్‌లో (ఈబీపీఎఫ్ డేటా దాచే టేబుల్లో) పెట్టాను. 4.15లో ప్రోగ్రామ్ 4096 ఇన్‌స్ట్రక్షన్లు దాటకూడదు. ఫంక్షన్లన్నీ ఇన్‌లైన్ చేయాలి, అంటే పిలిచిన చోటే కలిపేయాలి. అసలు కెప్రోబ్‌కు ఈబీపీఎఫ్ తగిలించడమే 4.1 నుంచి. రెడ్‌హ్యాట్ 7.6 మాత్రం తన 3.10లోకి దాన్ని వెనక్కి తెచ్చుకుంది. ఇదంతా పనే, శ్రమే. అసాధ్యం మాత్రం కాదు.

పాత సర్వర్లు మార్చాల్సిన కారణం వేరే ఉంది. ఉబుంటు 18.04కు మామూలు సపోర్ట్ 2023 మే నెలలోనే ఆగింది, సెక్యూరిటీ కోసం మార్చడం న్యాయమే. ఆ మార్పు పూర్తయ్యేలోగా వాటిలో ఏం జరుగుతోందో చూడటానికే ఈ టూల్స్ కావాలి. తమ్ముడికి అదే చెప్పాను. తెల్లారేసరికి ఏడు సర్వర్ల యూనేమ్, ఎల్ఎస్ వివరాలు పంపాడు. వాటిలో నాలుగింటికి బీటీఎఫ్ లోపలే ఉంది.