ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గారికి

అయ్యా,

మీరొచ్చాక, క్లచ్ తొక్కే నా ఎడమ కాలికి పెన్షన్ ఇచ్చి ఇంట్లో కూర్చోబెట్టాను. గేర్ల సంగతి మీరే చూసుకుంటారని నమ్మాను. ఇప్పుడేమో లీవర్ డి లోకి లాగాక, తమరు కదలాలా వద్దా అని రెండు మూడు సెకన్లు ఆలోచిస్తున్నారు. ఎత్తెక్కేటప్పుడు ఇంజిన్ గొంతు చించుకుంటుంది, ఆర్‌పీఎం ముల్లు పైకి లేస్తుంది, స్పీడు ముల్లు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది.

మెకానిక్ పక్కన కూర్చోగానే మీరు నంగనాచి అయిపోయారు. గేరు మారిందో లేదో కూడా తెలియలేదు. "బాగానే ఉంది కదండీ" అని ఆయన బండిని వదిలేసి నా మొహంలో రిపేరు వెతికాడు. తమరి వేషాలన్నీ బండి బాగా వేడెక్కాకే మొదలవుతాయని ఆయనకు చెప్పడం నాకే తట్టలేదు, అది వేరే సంగతి.

స్కానర్ పెడితే పి0700 అని వచ్చింది. తీరా దాని అర్థం: "గేర్‌బాక్స్ కంప్యూటర్ దగ్గర ఏదో ఫిర్యాదు నమోదైంది, వెళ్లి అక్కడ అడగండి." పక్క కౌంటర్‌కి పొమ్మనడం మీరు ఎక్కడ నేర్చుకున్నారు? పైగా ఆ పక్క కౌంటర్ భాష ఈ స్కానర్‌కి రాదట.

పోనీ ఆయిలైనా చూద్దామంటే మీకు డిప్‌స్టిక్కే లేదు. బండిని వాలు లేకుండా పైకి లేపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, ఆయిల్ చెప్పిన వేడికి వచ్చాక కింద ప్లగ్ విప్పాలి. ఎర్రగా ఉండాల్సింది నల్లగా, మాడు వాసనతో కారింది. జీవితకాలం మార్చక్కర్లేదని మాన్యువల్‌లో ఉంది. అది పాడై మీరు కాస్తా పోతే, ఆ మాట నిజమైనట్టే లెండి.

ఇక ఆ వణుకు. అరవై, డెబ్బైలో యాక్సిలరేటర్ మీద కాలు తేలిగ్గా ఉంచితే చాలు, గతుకుల మీద పోతున్నట్టు ఒకటే దడదడ. ఇంజిన్ మిస్ అవుతోందని కొందరు, ఇంజిన్ బలాన్ని మీకందించే టార్క్ కన్వర్టర్‌లో మీ ఇద్దరినీ నేరుగా బిగించే లాకప్‌దే తప్పని కొందరు. చివరికి ఖాళీ రోడ్డు మీద, కుడి కాలు కదపకుండా, ఎడమ కాలితో బ్రేక్‌ని ఇలా తాకి అలా వదలమన్నాడు మెకానిక్. బ్రేక్ తగిలితే లాకప్ విడిపోతుందట. తాకాను. వణుకు టక్కున ఆగింది. వదిలాను. కాసేపటికి మళ్లీ మొదలైంది.

అవునండీ, మీరు రిటైర్ చేయించిన కాలే మిమ్మల్ని పట్టించింది.

రేపు మీ అడుగునున్న ఆయిల్ పాన్ విప్పుతున్నారు. లోపలి అయస్కాంతానికి సన్నటి బూడిదరంగు పొడి అంటుకుని ఉంటే అది మామూలేనట. ముక్కలు దొరికితే మాత్రం మనం మాట్లాడుకోవాలి.

ఇట్లు,
స్టీరింగ్ ముందున్నవాడు