బ్యాడ్‌లాండ్స్‌కి గంట సరిపోదు

వేసవి సెలవులకు అమెరికాలోని మనవాళ్లు మౌంట్ రష్‌మోర్, ఎల్లోస్టోన్ కలిపి ప్లాన్ వేస్తుంటారు. దారిలో ఉన్న సౌత్ డకోటా బ్యాడ్‌లాండ్స్ నేషనల్ పార్కుకు దక్కేది గంట. ఐ-90 దిగి, రెండు చోట్ల ఫోటోలు తీసుకుని మళ్లీ హైవే ఎక్కేస్తాం. మేమూ మొదటిసారి అంతే చేశాం. కిందటి జూన్‌లో రెండు రాత్రులు ఉండి వచ్చాక, ఆ గంట లెక్క మార్చుకోమని అందరికీ చెప్పాలనిపిస్తోంది.

అక్కడి గుట్టలు మెత్తటి రాయి. వానలకు ఏడాదికి దాదాపు అంగుళం చొప్పున కోసుకుపోతాయి. కోసుకుపోయిన కొద్దీ సుమారు 3 కోట్ల ఏళ్ల కిందటి ఎముకలు బయటపడతాయి. మూడు వేళ్ల చిన్న గుర్రాలు, తాబేళ్లు, ఖడ్గమృగాన్ని పోలిన భారీ జంతువులు. 2010లో ఏడేళ్ల పాప ఒకతె విజిటర్ సెంటర్ దగ్గర్లోనే కత్తికోరల జంతువు పుర్రెను గుర్తుపట్టింది. పిల్లలు డైనోసార్లేవని అడుగుతారు. ఈ ఎముకలు డైనోసార్లు పోయిన చాలా కాలానికి బతికిన జంతువులవి. (డైనోసార్‌నే చూపించాలంటే, మన గోదావరి లోయలో యామనపల్లి దగ్గర దొరికిన కోటసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉంది.)

రెండో రోజు పొద్దున మా అమ్మాయి ఒక గట్టు పక్కన కూర్చుండిపోయింది. "నాన్నా, ఇది రాయి కాదు!" బొటనవేలంత ముక్క. ఒకవైపు నున్నగా ఉంది, విరిగిన వైపు తేనెపట్టులా సన్నటి చిల్లులు. జేబులో వేసుకుంటానంది. పార్కులో ఫాసిల్ (శిలాజం) తీసుకోవడం నేరం. అంతకంటే ముఖ్యం, అది ఏ పొరలో ఉందో తెలిస్తేనే దాని వయసు తెలుస్తుంది, తీసేస్తే ఉత్త రాయి అయిపోతుంది. అలా చెబితే అర్థం చేసుకుంది. ముట్టుకోకుండా, సైజు తెలిసేలా పక్కన వాటర్ బాటిల్ పెట్టి ఫోటో తీశాం. రేంజర్ మ్యాప్ పరిచి ఎక్కడో చూపించమని తననే అడిగి రాసుకున్నారు. ఆ పూట మా అమ్మాయి నేల మీద నడవలేదు! "ఒక్క ముక్కేగా, ఏమవుతుంది" అనే మాట మన పెద్దవాళ్ల నోట కూడా విన్నాను. దయచేసి పిల్లల ముందు అనకండి.

సాయంత్రం సేజ్ క్రీక్ మట్టి రోడ్డు మీద బైసన్ (అమెరికా అడవిదున్నల) మంద అడ్డమొస్తే ఇంజిన్ ఆపి అరగంట కూర్చున్నాం. పక్కన ప్రెయిరీ డాగ్‌లు (కుక్కలు కావు, ఉడుత జాతివి) బొరియల మీద నిలబడి అరుస్తున్నాయి. వాటినే తిని బతికే నల్లకాళ్ల ఫెర్రెట్లు (ముంగిసను పోలిన జంతువులు) పూర్తిగా పోయాయనుకున్నారు ఒకప్పుడు. 1994 నుంచి వాటిని తెచ్చి ఇక్కడ వదిలారు.

పార్కు దక్షిణ భాగం అమెరికా ఆదివాసులైన లకోటా ప్రజల పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో (వాళ్లకు కేటాయించిన ప్రాంతంలో) ఉంది. 1942లో బాంబులు వేసే ప్రాక్టీసు కోసం ప్రభుత్వం ఆ నేల తీసుకుని, కుటుంబాలను ఖాళీ చేయించింది. 'మాకో సికా', అంటే చెడ్డ నేల, అని పేరు పెట్టింది కూడా లకోటాలే. ఈ సంగతి పిల్లలకు చెప్పకుండా ఫోటోలతో వచ్చేయడం నాకు తప్పనిపిస్తుంది.

మనవాళ్ల వచ్చే వేసవి ట్రిప్ చూసుకునే కమిటీవారికి నా మనవి ఒకటే. రష్‌మోర్‌కి పూట ఇవ్వండి, ఇక్కడ రెండు రాత్రులు వేయండి. నీడ ఉండదు కాబట్టి నడకలు పొద్దున్నే పెట్టండి. మధ్యాహ్నం విజిటర్ సెంటర్‌లోని ఫాసిల్ ల్యాబ్‌కి తీసుకెళ్లండి. అక్కడ మైక్రోస్కోప్ కింద ఎముక మీది మట్టిని గింజ గింజగా తీస్తుంటారు. మా అమ్మాయి అక్కణ్ణించి కదలనంది.