టవర్‌కి ఎర్తింగ్ వద్దనే ఆ మెసేజ్‌ని దయచేసి ఫార్వర్డ్ చేయకండి

మళ్లీ అదే మెసేజ్. పైన ‘టవర్ మీద వైర్‌లెస్ రేడియో పెట్టేవాళ్లకి అనుభవజ్ఞుల సలహాలు’ అని, కింద ‘మీ గ్రూపులన్నిటికీ పంపండి’ అని, మధ్యలో అరడజను సలహాలు. (ఇక్కడ రేడియో అంటే పాటలు వినేది కాదు, గాలిలోంచి నెట్‌వర్క్ సిగ్నల్ అందుకుని కేబుల్ ద్వారా ఇంట్లోకి పంపే పరికరం.) పంపేవాళ్లంతా మంచి మనసుతోనే పంపుతున్నారు కాబట్టి ఇన్నాళ్లూ ఊరుకున్నాను. దాన్ని నమ్మి ఒకాయన బిగించి ఉన్న ఎర్త్ వైరు పీకేశాడని తెలిశాక ఇక ఊరుకోలేను.

‘ఎర్తింగ్ చేస్తే పిడుగుని పిలిచినట్టే’ అంటుంది మొదటి సలహా. పిడుగు దేని మీద పడాలన్నది అది కిందికి వచ్చాక, చివరి కొన్ని పదుల మీటర్లలో తేలుతుంది. అక్కడ లెక్కకొచ్చేది ఎత్తు. టవర్ కడితే పిడుగు పడే అవకాశం పెరుగుతుందన్న మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ వైరు పీకినంత మాత్రాన టవర్ పొట్టిదైపోదుగా! పడే పిడుగు ఎలాగూ పడుతుంది, కాకపోతే కిందికి దిగడానికి రేడియోని, దాని కేబుల్‌ని, ఇంట్లో ఆ కేబుల్ తగిలించిన నెట్‌వర్క్ స్విచ్‌ని వాడుకుంటుంది.

‘రేడియోది ప్లాస్టిక్ డబ్బా, ఎర్త్ అక్కర్లేదు.’ లోపలికి వెళ్లే కేబుల్‌లో ఉన్నది రాగి. దీనికి ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

‘ప్లాస్టిక్ టైలతో కట్టేస్తే చాలు.’ మామూలు టైలు ఎండకి పెళుసెక్కి విరుగుతాయి, కింద మనుషులు తిరుగుతుంటారు. స్టీలు క్లాంపులు వాడండి.

ఇక అసలు ప్రమాదం నాలుగోది. ‘టవర్‌కి విడిగా రాడ్ కొట్టండి, ఇంటి ఎర్త్‌తో మాత్రం కలపకండి, కలిపితే పిడుగు ఇంట్లోకి వస్తుంది. మిగిలిన ఎర్త్ వైరుని నీట్‌గా చుట్టి టవర్ కాలికి కట్టేయండి.’ వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి, అందుకే నాకు ఇంత కోపం. మామూలు పిడుగులో కరెంటు 30,000 ఆంపియర్ల దాకా ఉంటుంది. భూమిలోకి కొట్టిన ఆ రాడ్ నిరోధం 10 ఓమ్‌లే అనుకుందాం, అది మంచి రాడ్ కిందే లెక్క. గుణించండి: 3 లక్షల వోల్టులు. ఆ క్షణంలో రాడ్, టవర్, టవర్ మీదున్న రేడియో అన్నీ కలిసి అంత వోల్టేజ్‌కి లేస్తాయి, దూరంగా ఉన్న ఇంటి ఎర్త్ మాత్రం దాదాపు సున్నా దగ్గరే ఉండిపోతుంది. ఈ రెండిటినీ కలిపే లోహం ఇంకేముంది? మీరు పైనుంచి లాగిన నెట్‌వర్క్ కేబులే, అందులో అర మిల్లీమీటరు మందం తీగలే. పిడుగు ఇంట్లోకి రాకూడదని చేసిన పనే దానికి తిన్నగా ఇంట్లోకి దారి ఇచ్చింది! రెండు ఎర్త్‌లనీ లావుపాటి రాగి తీగతో కలిపితే రెండిటి వోల్టేజూ దాదాపు కలిసే పైకి లేస్తుంది, మధ్యలో ఉన్న కేబుల్ మీద ఆ తేడా పడదు. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ కూడా విడి రాడ్‌ని ఇంటి ఎర్త్‌తో కలిపి తీరాలనే చెబుతుంది, ఆ రాగి తీగ కనీసం 6 గేజ్, అంటే సుమారు 13 చదరపు మిల్లీమీటర్లు ఉండాలంటుంది.

ఆ ‘నీట్‌గా చుట్టడం’ సంగతి కూడా చెప్పాలి. తిన్నగా ఉన్న తీగకే మీటరుకి సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటు ఒక్కసారిగా పెరగడాన్ని అడ్డుకునే గుణం) ఉంటుంది. మైక్రోసెకనుకి 10,000 ఆంపియర్ల వేగంతో కరెంటు పెరిగితే ఒక్కో మీటరు మీద 10,000 వోల్టులు నిలబడతాయి. దాన్ని చుట్ట చుడితే ఇంకా పెరుగుతుంది. టేపు వేసి టవర్ కాలికి కట్టిన ఆ చుట్ట చూడ్డానికి బాగానే ఉంటుంది, పిడుగు కరెంటుకి మాత్రం అదే అడ్డంకి. మిగిలిన వైరు కోసేయండి, వంపులు తగ్గించి పొట్టిగా, తిన్నగా దింపండి. రాగి తీగని జింకు పూత ఉన్న కాలికి నేరుగా బిగించొద్దు, తడి తగిలితే జింకు తెల్లటి పొడిలా రాలి జాయింటు వదులైపోతుంది. మధ్యలో స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపు పెట్టండి.

‘రెండు నిమిషాల పనికి బెల్టు ఎందుకు?’ అని అడుగుతుంది ఇంకో సలహా. 10 మీటర్ల ఎత్తు నుంచి నేల మీద పడడానికి ఒకటిన్నర సెకను కూడా పట్టదు, అందుకు! ఇది రాసినవాళ్లు ఎప్పుడైనా పైకెక్కి, రెండు చేతులూ వదిలి నట్టు బిగించారా? ఒట్టి నడుము బెల్టు కూడా చాలదు, ఒంటికంతా హార్నెస్ ఉండాలి, రెండు కొక్కేలుండాలి. ఒకటి తగిలించాకే రెండోది తీయాలి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కూడా.

‘ఉరుములు మొదలవగానే ప్లగ్గు పీకేయండి.’ ఉరుము వినబడిందంటే టవర్ నుంచి వచ్చే కేబుల్‌ని ముట్టుకునే టైమ్ దాటిపోయినట్టే. వాన రాకముందే పీకగలిగితే మంచిదే.

‘నేరుగా పిడుగు పడితే ఏం చేసినా రేడియో పోతుంది’ అన్న చివరి వాక్యం మాత్రం దాదాపు నిజం. రేడియో పోతే కొత్తది కొనుక్కోవచ్చు, ఎర్తింగ్ చేసేది ముఖ్యంగా ఇంటి కోసం, ఇంట్లోవాళ్ల కోసం. పైగా పరికరాలు పోయేది టవర్ మీద పిడుగు పడినప్పుడే అనుకోకండి. చుట్టుపక్కల ఎక్కడో పడిన పిడుగు కూడా మీ కేబుల్‌లో సర్జ్, అంటే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజ్, పుట్టిస్తుంది. షీల్డెడ్ కేబుల్ (తీగల చుట్టూ లోహపు తొడుగు ఉన్నది) వేసి, లోహపు కనెక్టర్లు పెట్టి, పైన రేడియో దగ్గర ఒకటి, ఇంట్లోకి దిగే చోట ఒకటి సర్జ్ ప్రొటెక్టర్లు బిగించి, వాటిని ఎర్త్‌కి కలిపితే అలాంటి సర్జ్‌ల నుంచి రేడియో కూడా చాలావరకు బయటపడుతుంది.